ఏ వయసు నుంచి, ఎన్ని రోజుల్లోపు: రొమ్ము క్యాన్సర్ పరీక్షలపై బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్య కార్యక్రమాలపై నిర్ణయాలు తీసుకునే అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే పెద్దలకు, ఈ రెండు జిల్లాల సర్జన్లకు, గైనకాలజిస్టులకు, రేడియాలజిస్టులకు

నమస్కారం.

రొమ్ము పరీక్షలు, స్కానింగు, బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష), ఆపరేషను, నర్సింగు పనుల్లో ఈ రెండు జిల్లాల్లో రోజూ ఉండేవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని అంశాలన్నీ ఇదివరకే వినతిపత్రంగా ఇచ్చాం. అందినట్టు ముద్ర పడింది, జవాబు రాలేదు. ఈలోగా రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అయిన అక్టోబరు మరొకటి వచ్చి వెళ్లింది. గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, ఒకరోజు శిబిరాలు అయిపోయాయి. ఆ శిబిరాల్లో గడ్డ ఉందని చెప్పించుకున్న ఆడవాళ్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

అడిగేది రెండు ముక్కల్లో చెబుతాం. ఏ లక్షణమూ లేని మహిళకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఏ వయసులో మొదలుపెట్టాలో రెండు జిల్లాలకూ ఒకే మాటగా రాసి ప్రకటించండి. దాని పక్కనే, గడ్డ బయటపడిన మనిషికి అది క్యాన్సరో కాదో ఎన్ని రోజుల్లోపు తేల్చి చెబుతారో కూడా రాయండి. రెండోది లేకుండా మొదటిది ప్రకటిస్తే ఆడవాళ్లకు భయం మిగులుతుంది తప్ప వైద్యం అందదు.

ఈరోజు ఒక పలాస జీడిపప్పు కార్మికురాలు, ఒక పొందూరు నూలు వడికే మనిషి, ఒక బొబ్బిలి టీచరు వినే మాటలు మూడు రకాలు. ఆశ కార్యకర్త 30 అంటుంది. ప్రైవేటు ప్యాకేజీ కరపత్రం 35 దాటితే ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అంటుంది. విదేశంలో ఉన్న కూతురు 40 అంటుంది. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో పరీక్ష గురించి, ఒక్కో దేశం గురించి మాట్లాడుతున్నారు. దాన్ని విడమరిచి చెప్పే బాధ్యత మీది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన విధివిధానాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య మహిళలకు ఐదేళ్లకోసారి, శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలి. అందరికీ మామోగ్రామ్ తీయమని అందులో లేదు. చేతి పరీక్షలో అనుమానం వచ్చినవాళ్లనే పై ఆసుపత్రికి పంపాలి. బ్రిటన్‌లో 50 నుంచి 71వ పుట్టినరోజు దాకా మూడేళ్లకోసారి మామోగ్రామ్‌కు పిలుస్తారు. ఇలాంటి పరీక్షలపై సిఫార్సులు చేసే నిపుణుల బృందం, అమెరికా టాస్క్‌ఫోర్స్, 2009 నుంచి అందరికీ 50 అని చెబుతూ వచ్చి, 2024లో దాన్ని 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అని మార్చింది. అదే దేశంలో క్యాన్సర్ సొసైటీ 45 నుంచి 54 దాకా ఏటా చేయించుకోమంటుంది. ఒకే శాస్త్రం చదివినవాళ్లు ఇన్ని వయసులు చెబుతున్నారంటే కారణం ఉంది. వయసు తగ్గేకొద్దీ దొరికే క్యాన్సర్లు తగ్గుతాయి, అనవసరంగా భయపడి సూది పరీక్షల దాకా వెళ్లేవాళ్లు పెరుగుతారు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఆ దేశంలో జబ్బు ఎంత ఉంది, యంత్రాలు ఎన్ని ఉన్నాయి, చూసే డాక్టర్లు ఎందరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన సంగతి చూద్దాం. 2022 అంతర్జాతీయ అంచనాల్లో వయసు తేడాలు సరిచేసి చూస్తే, మన దేశంలో ఏడాదికి లక్ష మంది మహిళల్లో సుమారు 27 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది. అమెరికాలో ఆ సంఖ్య 95 దాకా ఉంది. అంటే అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే, ఒక్క క్యాన్సర్ పట్టుకోవడానికి అక్కడికంటే ఎంతో ఎక్కువ మామోగ్రామ్‌లు తీయాలి. కానీ చావుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అదే ఏడాది దేశంలో కొత్త కేసులు సుమారు 1,92,000 అయితే, మరణాలు సుమారు 98,000. జబ్బు తక్కువగా వస్తున్నా వచ్చినవాళ్లు ఇంతమంది పోతున్నారంటే ఆలస్యంగా రావడం, మధ్యలో వైద్యం ఆపేయడం ప్రధాన కారణాలు. మన జిల్లాల్లో వయసు గీత గీసేటప్పుడు ముందు చూడాల్సింది ఈ ఆలస్యాన్నే.

మన దేశంలో ఈ జబ్బు పదేళ్లు ముందే వస్తోంది గనక 30కే మామోగ్రామ్ మొదలుపెట్టాలన్న మాట సభల్లో తరచూ వింటాం. రోగుల సగటు వయసు తక్కువగా ఉండటం నిజం. అయితే మన జనాభాలోనే చిన్న వయసువాళ్లు ఎక్కువ కాబట్టి రోగుల్లోనూ వాళ్లు ఎక్కువ కనబడతారు. ఒక్కో మనిషికి ఉండే ప్రమాదం మన దగ్గర కూడా 30ల్లో కంటే 40ల్లో, 40ల్లో కంటే 50ల్లో ఎక్కువ. పైగా 30ల్లో రొమ్ములో గ్రంథుల కణజాలం ఎక్కువ, కొవ్వు తక్కువ. మామోగ్రామ్‌లో ఆ కణజాలమూ తెల్లగానే కనబడుతుంది, గడ్డా తెల్లగానే కనబడుతుంది. ఉన్న గడ్డ దొరక్కపోవచ్చు, లేని గడ్డ ఉన్నట్టు అనిపించవచ్చు.

చేతి పరీక్ష పనికొస్తుందా అన్న ప్రశ్నకు మన దేశంలోనే జవాబు దొరికింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ల లక్షా యాభై వేల మందికి పైగా బస్తీల మహిళలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలతో రెండేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్లు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. పరీక్ష జరిగినవాళ్లలో జబ్బు తొలి దశల్లో దొరికింది. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్లలో అంత స్పష్టమైన తగ్గుదల కనబడలేదు. ఆ పరీక్షలు చేసింది డాక్టర్లు కారు. మన ఏఎన్‌ఎంల లాంటివాళ్లే, బాగా నేర్పించాక చేశారు. ఈ ఒక్క విషయం మీ మనసుకు పట్టాలని కోరుతున్నాం. యంత్రం లేదన్న సాకుతో ఆగాల్సిన పని లేదు.

ఇక ఆలస్యం అయితే ఏమవుతుందో చెప్పాలి. రెండు సెంటీమీటర్ల లోపు, చంకలోకి పాకని గడ్డ అయితే చాలామందికి గడ్డ వరకు తీసేసి రొమ్ము ఉంచవచ్చు, తర్వాత రేడియేషను, రకాన్ని బట్టి మాత్రలు. కొందరికి కీమో అక్కర్లేదు కూడా. అదే గడ్డ చర్మాన్ని పట్టుకునేదాకా ఆగితే మూడు వారాలకోసారి చొప్పున ఎనిమిది కీమోలు, రొమ్ము మొత్తం తీయడం, ఆపైన రేడియేషను. హెర్‌2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకమైతే ఏడాది పాటు మూడు వారాలకో ఇంజెక్షను. రేడియేషను తక్కువలో తక్కువ 15 సిట్టింగులనుకున్నా, వారానికి ఐదు రోజుల లెక్కన మూడు వారాలు విశాఖలోనే ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి రెండు వందల కిలోమీటర్లకు పైనే. రోజూ వెళ్లి రావడం కుదరదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు వైద్యం ఖర్చు భరిస్తుంది సరే. తోడు వెళ్లిన భర్త కూలి, గది అద్దె, ఇంట్లో పిల్లల బాగోగులు ఆ కార్డులో లేవు. మధ్యలో వైద్యం మానేసే మనుషుల్లో ఎక్కువమంది ఆగేది ఇక్కడే.

మా డిమాండ్లు ఇవి.

1. వయసు పట్టిక ఒకటి రాసి ప్రతి విలేజ్ హెల్త్ క్లినిక్ గోడ మీద, ప్రతి సచివాలయంలో అతికించండి. ఏం రాయాలో మా అభిప్రాయం చెబుతున్నాం. 30 నుంచి 39: కేంద్ర విధానం చెప్పినట్టు ఐదేళ్లకోసారి చేతి పరీక్ష, ఏ లక్షణాలు కనబడితే రావాలో అర్థమయ్యేలా చెప్పడం. 40 నుంచి 65: చేతి పరీక్ష రెండేళ్లకోసారి. 50 నుంచి 69: యంత్రం, చదివే డాక్టరు, బయాప్సీ ఏర్పాటు మూడూ ఉన్న ఆసుపత్రి పరిధిలో రెండేళ్లకోసారి మామోగ్రామ్ కూడా. 40 నుంచి 49 మధ్య మామోగ్రామ్: అడిగినవాళ్లకు లాభనష్టాలు చెప్పి తీయండి, అడగనివాళ్లను శిబిరాలకు తోలకండి. 65 దాటినవాళ్లు ఆరోగ్యంగా తిరుగుతుంటే వయసు అయిపోయిందని వెనక్కి పంపకండి.

ఇది సాధ్యమేనా అంటే, లెక్క వేసి చూడండి. రెండున్నర వేల జనాభా ఉన్న క్లినిక్ పరిధిలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలు సుమారు ఐదారు వందల మంది. పై పట్టిక ప్రకారం ఏడాదికి రెండు వందల మందికి అటూ ఇటూ. అంటే పనిరోజుకు ఒక్కరు కూడా పడరు. దీన్ని అక్టోబరులో ఒకే రోజు రెండు వందల మందికి చేయాలని చూసినప్పుడే పరీక్ష పేరుకు మాత్రమే జరుగుతుంది.

2. చేతి పరీక్షను పూర్తిగా చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష జరిగినవాళ్లు వందకు ఒక్కరు కూడా లేరు. 2024 చివర్లో రాష్ట్రంలో ఇంటింటి క్యాన్సర్ సర్వే మొదలైంది, సంతోషం. కానీ ఇంటింటికీ వెళ్లి జబ్బుల ముప్పు అంచనాకు నింపే సీబ్యాక్ ఫారంలో "రొమ్ములో గడ్డ ఉందా" అన్న ప్రశ్నకు "లేదు" అని రాసుకోవడం పరీక్ష కాదు. వాకిట్లో, మామగారు మంచం మీద కూర్చుని వింటుండగా అడిగితే ఎవరైనా లేదనే అంటారు.

పరీక్ష అంటే ఇది. తలుపు వేసి, కిటికీకి తెర వేసి, నడుం పై వరకు బట్ట తీయించి కూర్చోబెట్టాలి. చేతులు కిందికి వదిలి, నడుం మీద పెట్టి గట్టిగా నొక్కించి, పైకి ఎత్తించి, ముందుకు వంగించి నాలుగు భంగిమల్లో చూడాలి. చర్మం లోపలికి గుంట పడటం, నారింజ తొక్కలా మారడం, ఈమధ్యనే చనుమొన లోపలికి పోవడం లాంటివి ఈ చూపులోనే దొరుకుతాయి. తర్వాత పడుకోబెట్టి, భుజం కింద దుప్పటి మడత పెట్టి, ఆ పక్క చెయ్యి తల కిందకు పెట్టించాలి. మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో, వేళ్ల కొసలతో కాకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఒక్కోచోట పైపైన, మధ్యస్తంగా, పక్కటెముక తగిలేలా మూడుసార్లు ఒత్తాలి. చంక మధ్య గీత నుంచి రొమ్మెముక దాకా, మెడ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా నిలువు వరసల్లో ఒక్క అంగుళం వదలకుండా పోవాలి. ఆపైన చంక, మెడ ఎముక పైన గుంట. రెండు వైపులా కలిపి ఆరేడు నిమిషాలకు తక్కువ పట్టదు. నిమిషంలో అయిపోయిందంటే జరగనట్టే.

ఎక్కువగా తప్పిపోయేది రొమ్ము పైన బయటి భాగం, చంక వైపు తోకలా సాగే భాగం. క్యాన్సర్లు ఎక్కువగా వచ్చేది కూడా అక్కడే. శిక్షణలో సిలికాన్ నమూనా మీద చేతులు పెట్టించి, దాచిన గడ్డలు దొరికేదాకా వదలకండి. ఒక పూట స్లయిడ్లు చూపించి సంతకాలు తీసుకోవడం శిక్షణ కిందకు రాదు.

3. గడ్డ ఉన్న మనిషికి స్క్రీనింగ్ వయసు వర్తించదు. ఇది పట్టికలోనే పెద్ద అక్షరాలతో ఉండాలి. 26 ఏళ్ల అమ్మాయి గడ్డతో వస్తే "నీకింకా ముప్పై రాలేదు" అని పంపడం తప్పు. 30 లోపు అయితే ముందు అల్ట్రాసౌండ్, 40 పైన అయితే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ, మధ్య వయసులో డాక్టరు చూసి నిర్ణయించాలి. బాలింతల విషయంలో మరీ జాగ్రత్త. పాలు గడ్డకట్టాయని యాంటీబయాటిక్ ఇస్తారు, మంచిదే. రెండు వారాల్లో తగ్గకపోతే మరో కోర్సు రాయకుండా స్కానింగుకు పంపాలి. ఇంకో మాట: మన ఊళ్లలో ఆడవాళ్లు "నొప్పి నేదు గదా, ఏటౌద్ది" అని ఊరుకుంటారు. నొప్పి లేని గట్టి గడ్డనే ఎక్కువ అనుమానించాలని ఆశల చేత గడపగడపకూ చెప్పించండి. చనుమొన నుంచి ఒక వైపే, ఒత్తకుండా, రక్తంలా చెమ్మ వస్తే కూడా అంతే.

4. వారానికి ఒక రోజు, అదే రోజు, అదే గది. ప్రతి జిల్లా స్థాయి ఆసుపత్రిలో రొమ్ము క్లినిక్ పెట్టండి. ఆ రోజు సర్జను, రేడియాలజిస్టు, పాథాలజీ టెక్నీషియను ముగ్గురూ ఉండాలి. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, సోమవారం ఓపీలో చూపించుకుంటే స్కానింగుకు వచ్చే వారం తేదీ ఇస్తారు. స్కానింగు అయ్యాక రిపోర్టు పట్టుకుని మళ్లీ ఓపీకి, అక్కడి నుంచి సూది పరీక్షకు ఇంకో తేదీ. ప్రతి తేదీకీ జీడి బట్టీలో, నాట్లలో ఒక రోజు కూలి పోతుంది. మూడో తేదీకి చాలామంది రారు. పరీక్ష, స్కాన్, సూది ముక్క ఒకే రోజు అయిపోతే ఆమె ఫలితానికి ఒక్కసారి వస్తే చాలు.

గడువులు కూడా రాయండి. గ్రామంలో గడ్డ తగిలిన రోజు నుంచి క్లినిక్‌కు చేరడానికి 10 రోజులు, సూది ముక్క ఫలితం చేతికి రావడానికి మొత్తం 30 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన లక్ష్యం 60 రోజులు. ఆ 60 రోజులు దాటే ఏ కేసుకైనా కారణం రాతలో ఉండాలి.

5. మామోగ్రామ్ యంత్రం ఉన్నచోట వాడండి, లేనిచోట కొనేముందు మనుషులను నియమించండి. తీసేది తప్పనిసరిగా మహిళా టెక్నీషియనై ఉండాలి. మగవాళ్లు తీస్తారని తెలిస్తే ఆడవాళ్లు గుమ్మం నుంచే తిరిగి వెళ్లిపోతారు, వాళ్లను తప్పు పట్టలేం. ఒక్కో రొమ్ముకు రెండు చొప్పున నాలుగు బొమ్మలు తీయాలి. పై నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. ఏటవాలు బొమ్మలో ఛాతీ కండరం చనుమొన స్థాయి దాకా కనబడకపోతే లోపలి భాగం బొమ్మలోకి రానట్టే, మళ్లీ తీయాలి. పలకల మధ్య ఒత్తిడి కొన్ని సెకన్లే ఉంటుందని ముందే చెప్పాలి. నెలసరి వచ్చేవాళ్లకు నెలసరి తర్వాతి వారంలో తేదీ ఇవ్వండి, అప్పుడు నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో, ఛాతీ మీద పౌడరు, సెంటు రాసుకోవద్దని చీటీ మీద రాసి ఇవ్వండి. ఆ పొడి రేణువులు బొమ్మలో సున్నపు చుక్కల్లా పడి అనవసరంగా అనుమానం తెప్పిస్తాయి.

చిన్నదిగా కనబడినా పెద్ద ఇబ్బంది పెట్టే సంగతి మంగళసూత్రం. తీయమంటే చాలామంది ఒప్పుకోరు, బలవంతపెడితే పరీక్షే వద్దని వెళ్లిపోతారు. తీయక్కర్లేదు. గొలుసును వీపు వైపు తిప్పి, చిన్న ప్లాస్టరు ముక్కతో అంటిస్తే బొమ్మలో పడదు. ఈ మాట గుమ్మం దగ్గరే నర్సు చెబితే సగం భయం పోతుంది.

రిపోర్టులో బైరాడ్స్ అంకె (బొమ్మలో అనుమానం ఎంతో చెప్పే అంకె) ఉండాలి, దాని పక్కన తెలుగులో ఒక వాక్యం ఉండాలి. 1, 2 అయితే మామూలే, తర్వాతి తేదీకి రండి. 3 అయితే ఆరు నెలలకు మళ్లీ తీయించుకోండి. 4, 5 అయితే ముక్క పరీక్ష తప్పదు. 0 అంటే ఇంకో బొమ్మో స్కానో కావాలని అర్థం. సున్నా చూసి ఏమీ లేదనుకుని ఇంటికి పోయే ప్రమాదం ఉంది, ఈ ఒక్కదాన్ని నోటితో కూడా చెప్పాలి. రిపోర్టుతో పాటు బొమ్మల సీడీ ఇవ్వండి. రెండేళ్ల తర్వాత పోల్చి చూడటానికి పాత బొమ్మే ఆధారం.

6. ముక్క పరీక్ష దగ్గర జరిగే పొరపాట్లు ఆపండి. సన్న సూదితో కణాలు లాగే పరీక్ష ఒక్కటే చేసి ఆపకండి. 14 గేజీ కోర్ సూదితో (ముక్కను కోసి తెచ్చే లావు సూది), అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నాలుగైదు ముక్కలు తీయాలి. గడ్డలోని ముక్క తెల్లగా, గట్టిగా ఉండి సాధారణంగా ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) మునుగుతుంది. పసుపు పచ్చగా తేలే ముక్కలే వస్తుంటే సూది కొవ్వులో ఉందని అనుమానించి అక్కడే సరిచేసుకోవాలి. ముక్కలను వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండేలా వేయాలి. సెలైన్‌లో వేసి బస్సులో పంపిన ముక్కలు పాడైపోతాయి. ఫార్మలిన్‌లో ఆరు గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ ఉంటే ఈఆర్, పీఆర్ (గడ్డకు హార్మోన్లతో సంబంధం ఉందో లేదో చెప్పే పరీక్షలు), హెర్‌2 ఫలితాలు నమ్మడానికి లేదు. ఆ ఫలితాల మీదే ఏ మందు ఇవ్వాలో ఆధారపడి ఉంటుంది. పెద్ద పండగ సెలవులకు ముందు రోజు తీసిన ముక్క ల్యాబ్ తలుపు తెరిచేసరికి ఈ గడువు దాటిపోతుంది. సెలవుల్లోనూ ముక్కలు తీసుకునే మనిషి ఒకరు ఉండాలి. డబ్బా మూత మీద కాకుండా డబ్బా ఒంటి మీద పేరు, వయసు, ఏ పక్క, తీసిన టైము రాయాలి. మూతలు మారిపోతాయి.

క్యాన్సరని తేలాక కార్డు మీద వైద్యం మొదలవుతుంది. తేలకముందు బయట చేయించుకునే స్కాన్, బయాప్సీ, ఈఆర్, పీఆర్, హెర్‌2 పరీక్షల ఖర్చు మాత్రం కుటుంబం మీదే పడుతోంది. పేదవాళ్లు ఆగిపోయే మరో చోటు ఇది. ఈ పరీక్షలన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా, గడువులోపు జరిగేలా చూడండి.

7. సర్జన్లకు, నర్సింగ్ హోమ్‌ల యజమానులకు నేరుగా ఒక మనవి. సూది పరీక్ష లేకుండా రొమ్ము గడ్డను కోసి తీయకండి. తీశాక క్యాన్సరని తేలితే గడ్డ అసలు పరిమాణం తెలియదు, అంచుల్లో మిగిలిందో లేదో తెలియదు, మొదట కీమోతో గడ్డను కుదించి రొమ్ము కాపాడే అవకాశం పోతుంది, రెండో ఆపరేషను తప్పదు. తీసిన ముక్కను ఇంటివాళ్లకు చూపించి పారేయడం ఇంకా జరుగుతోంది. ఎంత చిన్న గడ్డయినా పాథాలజీకి పంపకపోవడం ఇకమీదట లైసెన్సుకు సంబంధించిన విషయంగా అధికారులు చూడాలి.

8. కుటుంబ చరిత్ర అడిగే తీరు మార్చండి. తల్లి, తోడబుట్టినవాళ్లు, కూతురు, ముఖ్యంగా 50 లోపు ఈ జబ్బు వచ్చినవాళ్లు ఉంటే పై పట్టిక సరిపోదు. వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్లు ముందు నుంచి, అయితే 30కి ముందు కాకుండా, మామోగ్రామ్ మొదలుపెట్టాలి. అండాశయ క్యాన్సర్, మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. నాన్న వైపు బంధువులను ఎవరూ చెప్పరు, అడిగేవాళ్లూ అడగరు. లోపం ఉన్న జన్యువు తండ్రి నుంచి కూడా వస్తుంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. అత్తగారికి రొమ్ము క్యాన్సర్ అంటే రక్తసంబంధం కాదని కొట్టేస్తారు. ఆ అత్తగారే సొంత మేనత్త అయినప్పుడు ఆ జబ్బు కోడలికీ లెక్కే, కోడలి కూతురికి రెండు వైపుల నుంచీ లెక్కే. ఈ ప్రశ్న అడగడం ఆశలకు నేర్పండి.

9. శిబిరాల్లో ఒంటి వేడిని బొమ్మ తీసే పరికరాలను మామోగ్రామ్‌కు బదులుగా వాడకండి, వాటికి ప్రజాధనం పెట్టకండి. అవి మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కావు. ఆరోగ్య ప్యాకేజీల్లో సీఏ 15–3 రక్తపరీక్ష కలిపి "క్యాన్సర్ స్క్రీనింగ్" అని అమ్మడం ఆపించండి. తొలి దశలో ఆ పరీక్ష మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి గడ్డ ఉన్న మనిషి ధైర్యంగా ఇంట్లో కూర్చుంటుంది.

నెలనెలా అద్దం ముందు సొంత పరీక్ష చేసుకుంటే చాలన్న ప్రచారం గురించి కూడా. షాంఘైలో రెండు లక్షల అరవై వేల మందికి పైగా మిల్లు కార్మికురాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. క్రమపద్ధతిలో నేర్పించినా మరణాలు తగ్గలేదు. తన ఒంట్లో మార్పు తనకు తెలియడం అవసరం, వెంటనే వచ్చి చూపించుకోవడం అవసరం. అది నేర్పించి మన పని అయిపోయిందనుకోవడమే తప్పు.

10. చేరవేయండి. 50 దాటినవాళ్లు కాన్పుల వార్డుకు రారు, టీకాల రోజుకు రారు. వితంతువులు, ఒంటరివాళ్లు మరీ రారు. మరణాలు తగ్గే అవకాశం ఎక్కువ ఉన్నది వాళ్లలోనే. ఒకటో తారీఖున పింఛను పట్టుకుని సచివాలయ సిబ్బంది వాళ్ల గుమ్మానికే వెళ్తారు గదా, ఆ రోజే పరీక్ష తేదీ చీటీ ఇవ్వండి. డ్వాక్రా సంఘాల నెలవారీ సమావేశంలో ఏఎన్‌ఎం చేత చెప్పించండి. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియాలోనూ, మెళియాపుట్టి, పాతపట్నం కొండ ఊళ్లలో సవర భాషలోనూ చెప్పేవాళ్లు కావాలి. నాట్లు, కోతలు, జీడి సీజను ఉన్న వారాల్లో తేదీలు ఇవ్వకండి. నిర్ధారణకు, రేడియేషనుకు వెళ్లే మనిషికి, తోడు మనిషికి బస్సు ఖర్చు, విశాఖలో ఉండే చోటు ఇవ్వండి. డబ్బు తక్కువైతే అక్టోబరు ఫ్లెక్సీల ఖర్చు ఇటు మళ్లించండి.

11. మూడు నెలలకోసారి ఈ అంకెలు మండలాల వారీగా బయటపెట్టండి: ఎంతమందికి చేతి పరీక్ష జరిగింది, ఎంతమందిని పై ఆసుపత్రికి పంపారు, వాళ్లలో ఎంతమంది చేరారు, ఎంతమందికి 30 రోజుల్లో ఫలితం వచ్చింది, ఎంతమందికి క్యాన్సరని తేలింది, ఏ దశలో, ఎంతమంది వైద్యం పూర్తి చేశారు. శిబిరానికి ఎంతమంది వచ్చారన్న అంకె మాకు అక్కర్లేదు. పంపినవాళ్లకూ చేరినవాళ్లకూ మధ్య తేడా ఎక్కడ ఎక్కువ ఉందో చూస్తే, ఏ మండలంలో పని ఆగిందో మీకే తెలుస్తుంది. చేరని ప్రతి మనిషి పేరూ ఆ క్లినిక్ రిజిస్టరులో ఎర్ర గుర్తుతో ఉండాలి, పదో రోజున ఫోను, ఇరవయ్యో రోజున ఇంటికి మనిషి వెళ్లాలి.

ఇవన్నీ ఒకేసారి కాకపోతే వరస చెబుతాం. ముందు 4, 6 అంశాలు, అంటే క్లినిక్, బయాప్సీ సిద్ధం చేయండి. వాటితో పాటే 3వ అంశం అమలులోకి రావాలి, దానికి డబ్బు అక్కర్లేదు. తర్వాత చేతి పరీక్షకు శిక్షణ. మామోగ్రామ్‌కు జనాన్ని పిలవడం చివర.

వయసు పట్టిక, గడువుల కాగితం సంతకంతో ఎప్పుడు విడుదల చేస్తారో లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఏ అంశం మీకు ఒప్పుదల కాకపోతే, ఎందుకు కాదో కూడా రాయండి. కూర్చుని మాట్లాడటానికి, శిక్షణలో మా చేతులతో నేర్పించడానికి, వారానికి ఒక పూట ఆ క్లినిక్‌లో పని చేయడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రొమ్ము వ్యాధుల పరీక్ష, చికిత్స పనుల్లో ఉన్న వైద్యులు, నర్సులు, టెక్నీషియన్లు